ఎడమ కాలి వాపు

డాక్టర్ గీతాంజలిని పోయిన వారం కథలో ఆదినారాయణప్ప ఇంటి గేటు బయట నిలబెట్టి వదిలాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. గేటు లోపల ఆదినారాయణప్ప ఉన్నాడు. గొళ్ళెం మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

ఏడాది కిందట అతని భార్య సొన్నమ్మకు గర్భసంచి తీసే ఆపరేషను చేసింది ఈ గీతాంజలే. కుట్లు ఆరకముందే సొన్నమ్మ పోయింది. ఆ రోజుల్లో గీతాంజలి అమృతవల్లి ఆసుపత్రిలో ఒక పరిశోధన నడుపుతుండేది. ఇలాంటి ఆపరేషన్లు అయిన ఆడవాళ్ళలో ఎందరికి కాళ్ళలో రక్తం గడ్డకడుతోంది, ఏం చేస్తే కట్టకుండా ఉంటుంది, అన్నది దాని సంగతి. అందులో చేరినవాళ్ళకు పొట్ట మీద రోజూ ఒక చిన్న సూది వేసేవాళ్ళు. సొన్నమ్మకూ వేశారు. ఆ సూదే చంపిందన్నాడు ఆదినారాయణప్ప. మీ ప్రయోగాలకు మా ఇంటి ఆడదే దొరికిందా అన్నాడు. ఆసుపత్రి అద్దాలు పగలగొట్టించాడు. పేపర్లో వేయించాడు. గీతాంజలిని పనిలోంచి నిలిపేశారు. పరిశోధన మూతపడింది. అంతటితో అతని కడుపుమంట చల్లారలేదు. ఆమె డాక్టరు పట్టా ఊడబెరికేదాకా లేవకూడదని సర్జాపుర రోడ్డులో అమృతవల్లి ఆసుపత్రి ముందు షామియానా వేయించి, రైతు సంఘాన్ని ధర్నాకు కూర్చోబెట్టాడు. ఈ ఉదయం తెల్లచొక్కా తొడుక్కున్నది అక్కడికి పోవడానికే.

అంతలో గేటు దగ్గరికి ఈమె. వెంటబెట్టుకొచ్చినవాడు సొంత అల్లుడు నాగరాజ్.

"ఎవుర్నడిగి పిల్చుకోనొస్తివప్పా?" అన్నాడు ఆదినారాయణప్ప.

నాగరాజ్ చందాపురలో మోటార్లకు వైండింగు చుట్టుకుని బతికేవాడు. మామ ముందు గొంతు లేపి ఎరగడు.

"అడిగితే వద్దంటావని అడగలే మామా. శశికళ కాలు చూసినావా నువ్వు? మొన్న పిక్క వాచె. ఈ పొద్దు తొడ కాడికి ఎక్కిండాది."

"బాలింతకు నీరు దిగుతాది. అవ్వ చూసుకుంటాది."

"నీరు ఒక్క ఎడమ కాలికే దిగుతాదా మామా?"

జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది. ఆదినారాయణప్పకూ వచ్చింది.

శశికళ అతని ఒక్కగానొక్క కూతురు. కాన్పు కష్టమై చందాపుర నర్సింగుహోములో కడుపు కోసి బిడ్డను తీశారు. తల్లి లేని పిల్ల కాబట్టి బాలింత చాకిరీ అమ్మమ్మ భాగీరథమ్మ మీద పడింది. కిటికీ మూసిన గదిలో పడుకోబెట్టి, నడుముకు పాత చీర బిగించి, సాంబ్రాణి పొగ వేసి కాపాడుతోంది.

"ఆదినారాయణప్పగారూ," అంది గీతాంజలి. "మీరు పెట్టిన కేసు గురించి రాలేదు నేను. దాన్ని మీ ఇష్టం వచ్చినట్టు నడుపుకోండి. ఆ అమ్మాయి కాలు ఒక్కసారి చూడనివ్వండి. ఆలస్యం చేస్తే ప్రమాదం."

"నువ్వు చూస్తేనే ప్రమాదం. ఒకసారి చూపించినాము గదా. మట్టి చేసి వచ్చినాము."

గీతాంజలి ముఖం ఎర్రబడింది. అయినా కదల్లేదు. నాగరాజ్ తల దించుకుని గేటు చువ్వలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

లోపల్నుంచి భాగీరథమ్మ వచ్చింది. చేతిలో ఆముదం కాచిన గిన్నె. గేటు దగ్గరి మనిషిని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక ముసలామె అరుస్తుందనుకున్నారు ముగ్గురూ. అరవలేదు.

"రానీ అప్పా లోపలికి," అంది ఆదినారాయణప్పతో. "వచ్చి కండ్లారా చూసి పోనీ. వీళ్ళు కోసిన మర్నాడే నా బిడ్డ సొన్నమ్మను రెక్క పట్టి ఈడ్చి నడిపించిరి, గొడ్డును తోలినట్ల. మనం ఎట్ల సాకుతామో చూసి సిగ్గు తెచ్చుకోనీ."

ఆ మాట ఆదినారాయణప్పకు నచ్చింది. గొళ్ళెం తీశాడు. జాలితో తీయలేదు. పంతంతో తీశాడు.

గీతాంజలి వసారాలోకి వచ్చి, గది ఏదని కళ్ళతో వెతికింది. ఆదినారాయణప్ప గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అవ్వ చెప్పేది పూర్తిగా వినాల్సిందే అన్నట్టు. పక్కన పురుగుల ఇంట్లో పట్టుపురుగులు మల్బరీ ఆకు మేస్తున్న చప్పుడు సన్నటి తుంపరలా వినిపిస్తోంది.

"బిడ్డసంచి తీసినా కాన్పు లెక్కే గదమ్మా," అని మొదలుపెట్టింది భాగీరథమ్మ. "కడుపు పచ్చిదే గదా. మీకేమి తెలుస్తాది. నా బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాంక కాలు కింద పెట్టనిస్తేనా నేను! ఆ తెల్ల మేజోళ్ళు తొడిగి పంపిస్తిరి గదా, పిక్కలు బిగబట్టేటివి, అవి ఊడబెరికి పెంటలో ఏస్తిని. దొడ్డికి గూడా ఈ అప్పే ఎత్తుకోని పోయె. యాడన్నా చూసినావా అట్లాంటి మొగుణ్ణి?"

"నీళ్ళు?" అంది గీతాంజలి మెల్లగా. "నీళ్ళు బాగా తాగేదా?"

"నీళ్ళా! పచ్చొంటికి నీళ్ళు పోస్తారా ఎవురన్నా? నెమ్ముతాది. దప్పి దప్పి అని అడుగుతానే ఉండె పాపం. నోరు తడిపేటంత పోసి చాల్లే అంటిమి. ఎంత అడిగినా కరగలే నేను." ఆ మాట అంటున్నప్పుడు భాగీరథమ్మ గొంతులో గర్వం ఉంది. కరగకపోవడం ఆమె దృష్టిలో ప్రేమ.

"కాలు నొప్పి అందా ఎప్పుడైనా?"

"అనె. పిక్కలో పోటు అనె. వాపూ వచ్చె. ఆముదం కాచి ఇస్తే ఈ అప్పే పక్కన కూచోని పిసికె. గట్టిగా, చెమట పట్టేటట్ల పిసికె. ఆడదాని కాళ్ళు మగోడు ముడతాడా మా కులంలో? ముట్టె. అట్ల పిసుకుతాంటేనే నా బిడ్డ కండ్లు తేలేసె. ప్రాణం పొయ్యేదాకా చెయ్యి తియ్యలే ఈయన. ఊరు ఊరంతా చెప్పుకునిరి."

నిజమే. ఊరంతా చెప్పుకుంది. మొదట చెప్పినవాడు ఆదినారాయణప్పే. సంఘం మీటింగులో చెప్పాడు. పేపరు వాడికి చెప్పాడు. పెళ్ళాం కాళ్ళు పిసికావా అని నవ్విన వాళ్ళకు కూడా తల ఎత్తుకుని చెప్పాడు. ముప్పై ఏళ్ళు సొన్నమ్మను అరకలో ఎద్దులా వాడుకున్నవాడు, ఆ ఒక్క సేవను పతకంలా గుండెకు తగిలించుకు తిరిగాడు.

ఇప్పుడు గీతాంజలి ముఖంలో భయం చూడాలనుకున్నాడు. తప్పు చేసినవాళ్ళ భయం. అది లేదు. ఆమె అతన్ని చూడలేక నేల చూస్తోంది.

"ఏమట్ల తల దించుకుంటివి?" అన్నాడు.

"ముందు అమ్మాయిని చూద్దాం పదండి."

"నాకు చెప్పాంకే లోపలికి పోయేది."

"ఆదినారాయణప్పగారూ, ఇప్పుడు కాదు. దయచేసి తప్పుకోండి."

"చెప్పకుంటే తప్పుకోను."

అతను మొండివాడు. ఆమెకు తొందర. లోపల పిల్ల కాలు వాచి ఉంది. అందుకని చెప్పింది. కోపంగా చెప్పలేదు. పాఠం చెప్పినట్టు చెప్పింది.

"కాళ్ళు కదలకపోతే రక్తం పారదు, నిలబడిపోతుంది. నీళ్ళు తాగకపోతే చిక్కబడుతుంది. ఆపరేషన్ తర్వాత అసలే తొందరగా గడ్డ కట్టే గుణం ఉంటుంది. అందుకే ఆ సూదులు. ఆ మేజోళ్ళూ అందుకే. మర్నాడే నడిపించిందీ అందుకే. సూదులు ఇంకా కొన్ని రోజులు వేయాల్సింది. మీరు నర్సుతో పోట్లాడి ముందే తీసుకెళ్ళిపోయారు. గడ్డ కాల్లో ఉన్నంతసేపూ వాపు, నొప్పి. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం... నిమిషాల్లో మనిషి పోతుంది."

"ఊడడం అంటే? దానంతట అదే ఊడుతాదా?"

ఆమె గది తలుపు వైపు చూసింది.

"అడిగితిని గదా!"

"ఒక్కోసారి దానంతట అదే. ఒక్కోసారి కాలు గట్టిగా పిసికితే."

పురుగులు ఆకు మేస్తూనే ఉన్నాయి.

"సొన్నమ్మగారికి అలాగే అయిందని ఒట్టేసి చెప్పలేను," అంది గీతాంజలి. "పోస్టుమార్టం మీరు చేయనివ్వలేదు. అయి ఉంటుందని మాత్రం అనుకుంటున్నాను. తెలిసి చేసింది కాదు మీరు."

ఆదినారాయణప్ప రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. బెత్తం చూసిన బడిపిల్లవాడిలా. ఎందుకు పెట్టుకున్నాడో అతనికే తెలియదు. సొన్నమ్మ పిక్క ఆ చేతులకు ఇంకా తగులుతోంది. బిగుసుకుని, వేడిగా. "మెల్లగప్పా, నొస్తాది" అంది ఆమె. "నొస్తేనే తగ్గుతాది" అని అతను ఇంకా గట్టిగా వత్తాడు.

తెలియక చేశానని చెప్పుకుంటే సగం బరువు దిగేది. అది కూడా దిగలేదు. ఎందుకంటే ఆ ఆపరేషనే అక్కర్లేదని అతనికి తెలుసు. సొన్నమ్మకు నెలలో సగం రోజులు రక్తం పోయేది. ముట్టుతో ఉన్న ఆడది పురుగుల ఇంట్లో కాలు పెడితే పంట పోతుందని ఆ చుట్టుపక్కల పట్టింపు. పొర విడిచే నాలుగో జ్వరం దాటి పురుగు ఆవురావురుమని మేసే రోజుల్లో ఆమె బయట కూర్చునేది. ఆకు వేయడానికి మనిషి లేడు. ముందు మాత్రలు వాడి చూద్దాం అని ఇదే గీతాంజలి చెప్పింది. "మాత్రలు వద్దు, పీకెయ్ తల్లీ, పీడ పోతాది" అన్నాడు ఆదినారాయణప్ప. సొన్నమ్మను అడగలేదు. ఆమె పక్కనే కూర్చుని ఉంది.

"నాదీ తప్పుంది," అంటోంది గీతాంజలి. "నడిపించమన్నాను గానీ ఎందుకో మీకు చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను. అర్థమవుతుందని ఇప్పుడు తెలిసింది."

ఆ మాట అతన్ని ఓదార్చలేదు. ఓదార్చకూడదు కూడా. ఆమె వంతు ఆమెది. అతని వంతు అతనిది.

అప్పుడు గమనించాడు. వసారాలో భాగీరథమ్మ లేదు. ఆముదం గిన్నె లేదు. తాను తలుపు వదిలి ఎప్పుడు పక్కకు జరిగాడో, ముసలామె ఎప్పుడు లోపలికి పోయిందో తెలియలేదు.

"అత్తా!" అని అరిచాడు. "చెయ్యి తియ్యత్తా!"

లోపల చీకటి, సాంబ్రాణి పొగ. శశికళ గోడకు ఆనుకుని ఉంది. వాచిన కాలు అవ్వ ఒళ్ళో ఉంది. నూనె పోసి, రెండు బొటనవేళ్ళు పిక్క మీద ఆనించి, పైకి తోయబోతోంది అవ్వ. ఆదినారాయణప్ప ఆమె మణికట్టు పట్టి లాగాడు. గిన్నె దొర్లింది. పసిబిడ్డ కెవ్వుమంది.

"ఏమొచ్చెనప్పా నీకు? దెయ్యం పట్టెనా?"

"పిసకొద్దత్తా."

"ఎందుకు పిసకొద్దు? వాళ్ళమ్మకు నువ్వు చేసిందే గదా నేను చేస్తాండేది!"

ఆమె తిట్టలేదు. మెచ్చుకుంటూనే అంది. అతను ఆమె మణికట్టు వదల్లేదు.

గీతాంజలి వచ్చి కిటికీ తెరిచింది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎడమది నున్నగా మెరుస్తోంది. కుడిదానికి ఒకటిన్నర రెట్లు లావు.

"ఊపిరి ఎలా ఉందమ్మా? గుండెల్లో నొప్పేమన్నా ఉందా?"

"లేదు మేడం. దప్పి మాత్రం శానా ఉండాది." శశికళ అవ్వ వైపు దొంగచూపు చూసి అంది. "చెంబుడు నీళ్ళు ఇప్పిస్తారా?"

నాగరాజ్ పరుగెత్తి తెచ్చాడు. శశికళ చెంబు ఎత్తి గడగడా తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా జాకెట్టు మీదికి కారాయి. ఆదినారాయణప్ప ఆ తాగడం చూడలేక గోడ వైపు తిరిగాడు. సొన్నమ్మ ఆ రోజు ఖాళీ గ్లాసు అంచు నాకింది.

"స్కాను తీయాలి, వెంటనే మందు ఎక్కించాలి," అంది గీతాంజలి. "దగ్గర్లో ఆ సౌకర్యం అమృతవల్లిలోనే ఉంది. అక్కడి డాక్టరుతో ఫోన్లో మాట్లాడి వచ్చాను, బెడ్డు సిద్ధంగా పెడతారు. నన్ను లోపలికి రానివ్వరు. గేటు దాకా వస్తాను. కాలు ఎవరూ పిసక్కూడదు. ఇప్పుడు నడిపించకూడదు కూడా, ఎత్తుకుని వెళ్ళాలి."

"ఆ ఆసుపత్రికా?" అని గుండె బాదుకుంది భాగీరథమ్మ. "ఒకదాన్ని మింగింది చాల్లేదా? అప్పా, నువ్వన్నా చెప్పప్పా!"

అప్ప చెప్పలేదు. వంగి కూతుర్ని ఎత్తుకున్నాడు.

నాగరాజ్ తెచ్చిన మారుతీ వ్యాను ముందు సీట్లో గీతాంజలి కూర్చుంది. వెనక శశికళ పడుకుంది, తల నాయన ఒళ్ళో. బిడ్డతో ముసలామె ఇంటి దగ్గర ఉండిపోయింది. చందాపుర కూడలి దాటి, సర్జాపుర రోడ్డు ఎక్కారు. దారి పొడవునా మల్బరీ తోటలు చదును చేసి అపార్టుమెంట్లు లేపుతున్నారు.

"నాయనా."

"ఊఁ."

"అవ్వ చెయ్యి ఎందుకట్ల గుంజితివి?"

"డాక్టరమ్మ వద్దనె."

"అమ్మ కాలూ ఇట్లే వాచె గదా?"

"ఊఁ."

"ఆ పొద్దు నువ్వు పిసికితివి గదా. నేను వాకిట్లో ఉంటిని. అమ్మ వద్దు వద్దు అంటాండె."

ఆదినారాయణప్ప కూతురి నుదుటి మీది జుట్టు వెనక్కి తోశాడు. "కండ్లు మూసుకో తల్లీ" అన్నాడు. ముందు సీట్లో గీతాంజలి వెనక్కి తిరగలేదు. ఆమె తిరిగి చూసి ఉంటే అతను వ్యానులోంచి దూకేవాడు.

అమృతవల్లి ఆసుపత్రి గేటు కనిపించింది. గేటుకన్నా ముందు షామియానా కనిపించింది. దాని కింద సంఘం జనం, ఆకుపచ్చ కండువాలు. స్తంభానికి కట్టిన పెద్ద ఫ్లెక్సీలో సొన్నమ్మ బొమ్మ, మల్లెల దండ. "బేకే బేకు, న్యాయ బేకు" అని అరుపులు, న్యాయం కావాలని. ముందు సీట్లో ఎవరున్నారో చూసిన మొదటివాడు కేక వేశాడు. అందరూ లేచారు. నలుగురు వ్యాను చక్రాల ముందు అడ్డంగా పడుకున్నారు.

సంఘం నాయకుడు చిక్కమునియప్ప కిటికీలోకి వంగాడు. ఆదినారాయణప్పను చూసి పళ్ళికిలించాడు.

"భలే అన్నా! నువ్వే పట్టుకోనొస్తివా దీన్ని? మేము ఎండలో కూచోని సాధించలేంది ఇంట్లో కూచోనే సాధిస్తివే!"

"దారి ఇయ్యండప్పా," అన్నాడు ఆదినారాయణప్ప. "శశికళకు బాగలేదు. లోపలికి పోవాల."

చిక్కమునియప్ప నవ్వు ఆగిపోయింది. "ఏ లోపలికి? ఈ లోపలికా? ఒంటిమీద తెలివుండే అంటాండావా?"

"తెలివుండే అంటాండా."

"అన్నా, మా బిడ్డ కాదా శశికళ? ఈ గేటు దాటిన ఆడది ప్రాణంతో తిరిగి రాదని నువ్వే గదా మైకులో చెప్పింది? ఈ హంతకుల చేతికి మా బిడ్డను ఇయ్యం. నువ్వు చెప్పినా ఇయ్యం. తిప్పప్పా నాగరాజూ బండి, వేరే ఆసుపత్రికి తిప్పు!"

వాళ్ళు అతని మాట నిజమని నమ్మి వచ్చినవాళ్ళు. అతని కోసం పనులు మానుకుని ఎండలో కూర్చున్నవాళ్ళు. ఆడవాళ్ళు చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు. "పంపొద్దన్నా, పంపొద్దు" అని ఒకామె ఏడుస్తోంది. గీతాంజలి తలుపు తీసి దిగింది. "నేను పక్కకు పోతాను, బండిని వదలండి" అంది. ఎవరో ఆమె భుజం పట్టి వెనక్కి తోశారు. నాగరాజ్ హారను మీద చెయ్యి తీయడం లేదు.

అప్పుడు శశికళ దగ్గింది. పొడి దగ్గు. ఆగి మళ్ళీ దగ్గింది.

"నాయనా, ఇక్కడ పట్టుకుంటాండాది," అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

ఆదినారాయణప్ప ఆమె తల సీటు మీద పెట్టి దిగాడు. జనాన్ని తోసుకుంటూ షామియానా కిందికి నడిచాడు. ఇన్నాళ్ళూ గీతాంజలిని తిట్టిన మైకు అక్కడే ఉంది. తీసుకున్నాడు. అన్న మాట్లాడతాడని అరుపులు ఆపేశారు. హారను కూడా ఆగింది.

"ఆపరేషను చేసిన ఈ తల్లి సొన్నమ్మను చంపలేదు," అన్నాడు.

చక్రాల ముందు పడుకున్నవాళ్ళు తలలెత్తారు.

"మరి ఎవురన్నా చంపింది?" అన్నాడు చిక్కమునియప్ప.

వ్యానులో శశికళ మోచేతి మీద లేచి, కిటికీ అద్దం కిందికి దించింది. దగ్గు ఆపుకుంటూ, తండ్రి ఏం చెబుతాడో వినడానికి చెవి బయట పెట్టింది.